డ్రమ్ముల అబ్బాయి ఆఖరి మాట

పై ఇంటివాళ్ళు మంచాలు జరిపితే సర్దుకుపోవచ్చు. కుర్చీలు బరబరా లాగితే చెవులు మూసుకుని ఊరుకోవచ్చు. కానీ తెల్లారీ తెల్లారకముందే, ఇంకా పాలైనా కాగకముందే, నెత్తిమీద డ్రమ్ములు మోగితే మనిషన్నవాడు ఏం చెయ్యాలి? పోనీ వాయించేదేదో పూర్తిగా వాయించినా బాధ లేదు. ధడ్ ధడ్ ధడధడ అని ఊపుగా వచ్చి, సరిగ్గా చివరి దెబ్బ పడాల్సిన చోట ఆపేస్తుంది ఆ పై ఇంటి పిల్ల. కింద ఫ్లాటులో పళ్ళు తోముకునే మనిషి ఆ చివరి దెబ్బ కోసం బ్రష్షు నోట్లోనే పెట్టుకుని నిలబడాలి. అది పడదు. మళ్ళీ మొదటికొస్తుంది.

"చూశావా? మళ్ళీ మింగేసింది," అన్నాడు బుడగలక్క భర్త, నోటినిండా నురగతో.

బుడగలక్క వంటింటి గట్టు దగ్గర నిలబడి అన్నం డబ్బా మూత బిగిస్తోంది. తల పైకెత్తకుండానే ఒక చెవి పైకప్పుకి అప్పగించింది. "మింగలేదండీ. ఎడంచెయ్యి అందడం లేదు దానికి. ఇంకో నెల్లో అందుతుంది," అంది.

"ఇంతకీ నువ్వు దాని తరఫా, నా తరఫా?"

"నేను బస్సు తరఫు. టైమైపోతోంది."

ఆయన చేసిన ఉద్యోగం జనం ఇచ్చే ఫిర్యాదులు పుచ్చుకుని ఫైల్లో పెట్టడం. జీవితమంతా ఇతరుల ఫిర్యాదులు చదివిన మనిషికి రిటైరయ్యాక సొంతంగా రాసుకునే స్వేచ్ఛ దొరికింది. లిఫ్టులో అద్దం వంకరగా ఉందని రాశాడు. వాచ్‌మన్ మరీ ఎక్కువ నవ్వుతున్నాడని రాశాడు. డ్రమ్ముల మీద రాసిన ఫిర్యాదు మాత్రం ఆయన ఉత్తమ రచన. దాన్ని చదివిన అపార్ట్‌మెంటు అసోసియేషన్ సెక్రటరీ, ఇందులో చివరి పేరా ఇంకోసారి వినిపించండి సార్ అన్నాడట. ఆ సంగతి తేల్చడానికి ఈ ఉదయమే మీటింగు. దానికోసం చొక్కా ఇస్త్రీ చేసి కుర్చీకి తగిలించి ఉంది. పెళ్ళిచూపులకి కూడా ఆయన ఇంత శ్రద్ధ తీసుకోలేదని బుడగలక్కకి గుర్తే.

బుడగలక్క అసలు పేరు ఆఫీసులో జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ తెలియదు. పిల్లలు చదివే బొమ్మల కథల్లో, మనుషుల నోటిదగ్గర తెల్లగా ఉబ్బి ఉండే మాటల బుడగలు ఉంటాయి చూడండి, వాటిలో అక్షరాలు చేత్తో రాయడం ఆమె పని. అందుకని బుడగలక్క. ఆ పుస్తకాలు అచ్చువేసే యజమాని ఆమెకంటే వయసులో పెద్దవాడు. అయినా అక్కే. పొట్టి మనిషి. ఏళ్ళ తరబడి బల్ల మీదకి ఒరిగి రాయడంవల్ల కుడిభుజం కాస్త కిందికి జారి, ఎప్పుడూ ఏదో బరువైన సంచీ మోస్తున్నట్టు కనిపిస్తుంది. మధ్యవేలి పక్కన కాయ కాసింది. ఆ కాయ మీది సిరా మరక ఏ సబ్బుకీ లొంగలేదు. వాళ్ళ పిల్ల చిన్నప్పుడు అది పుట్టుమచ్చ అనుకుంది.

బస్సులో ఆమెకి కిటికీ పక్క సీటు దొరకదు. దొరికినా అక్కర్లేదు. ఆమె చూడదు, వింటుంది. బొమ్మల కథలో మాటలొక్కటే ఉండవు కదా, చప్పుళ్ళు కూడా ఉంటాయి. వాటిని అక్షరాల్లో పెట్టాల్సింది తనే. ఇప్పుడు రాస్తున్న బ్యాండు పిల్లల కథలోనైతే ప్రతి పేజీలో చప్పుడే. గిటారు ఒక్కసారి గట్టిగా మీటితే ఎలా మోగుతుందో తెలియక ఆమె చాలా రోజులు తిరిగింది. ఆఖరికి పక్కవీధి కొట్టువాడు షట్టరు సగం ఎత్తి చెయ్యి వదిలేసినప్పుడు దొరికింది: జ్రాంయ్. డ్రమ్ముల పక్కన వేలాడే ఇత్తడి పళ్ళెం చప్పుడు, గిన్నె మూత నేల మీద పడి గిరగిరా తిరిగి పడుకున్నప్పుడు దొరికింది: ఛన్‌న్‌న్. మైకు కీచుమనడం భర్త గురకలో ఆఖరి భాగం. ఆ విషయం ఆయనకి చెప్పలేదు. పుస్తకాలు కొని చదివే కుర్రకారు మాత్రం, ఇవి రాసేది ఎవరో గానీ స్టేజీల మీద బతికినవాడని తేల్చేశారు. ఆయనకి పొడుగు జుట్టు ఉంటుందా అని ఒకమ్మాయి ఆఫీసుకి ఫోన్ చేసి అడిగింది కూడా.

"ఉంది. జడేస్తాను," అని చెప్పి పెట్టేసింది బుడగలక్క.

ఆఫీసు మూడు గదులు. చివరి గదిలో కిటికీ పక్కన ఆమె బల్ల. బల్ల మధ్యలో గాజుపలక, దాని కింద దీపం. ఎడమవైపు సిరా, కుడివైపు పాళీలు, సన్నం నుంచి లావుకి వరసగా. గుసగుసకి వెంట్రుకంత పాళీ. మామూలు మాటకి మామూలు పాళీ. కోపానికి, పిలుపుకి, ఏడుపుకి వేరువేరు. ఈ లెక్క ఆమెకి తండ్రి దగ్గర అబ్బింది. ఆయన కొట్లకి బోర్డులు రాసేవాడు. మందుల కొట్టు బోర్డు రోగిని భయపెట్టకూడదని, తాళాల కొట్టు బోర్డు దొంగకి కూడా వినబడాలని ఆయన సిద్ధాంతం. "పెద్దక్షరమంటే పెద్దగొంతు తల్లీ. కారణం లేకుండా అరవకూడదు," అనేవాడు నిచ్చెన మీంచి. ఆ నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పిల్ల పెళ్ళయ్యాక కొన్నాళ్ళు శుభలేఖలు రాసింది, కొన్నాళ్ళు మందుసీసాల మీద చీటీలు రాసింది. తర్వాత ఈ బల్ల ముందు కూర్చుంది. ఎందరో రాకుమారులకీ పోలీసులకీ మాట్లాడే కుక్కలకీ గొంతిచ్చింది. ఏ పుస్తకంలోనూ ఆమె పేరు పడలేదు. పడాలని ఆమెకీ తోచలేదు, వెయ్యాలని వాళ్ళకీ తోచలేదు. ఆ విషయంలో ఇరువైపులా మంచి అవగాహన ఉండేది.

ఇవాళ బల్ల మీద ఉన్నది ఆఖరి పేజీ. కథకీ ఆఖరే, ఆమెకీ ఆఖరే. రాబోయే కథ నుంచి అక్షరాలు కంప్యూటరు వేస్తుంది. నెలక్రితం ఒక కుర్రాడొచ్చి చేసి చూపించాడు. ఆమె పాళీ సిరాలో ముంచి విదిలించేలోపు పేజీ నిండిపోయింది. "బాగుందే," అంది బుడగలక్క. నిజంగానే అంది. నేర్పిస్తామన్నారు. ఒక పూట ఆ మౌసు పట్టుకు కూర్చుంది గానీ, దానికీ ఆమె చేతికీ పొసగలేదు. సరే, ఈ పిల్లల కథ ఒక ఒడ్డుకి చేర్చి మానేస్తానంది. వీడ్కోలు సభ వద్దని ముందే చెప్పింది. యజమాని మాట్లాడటం మొదలుపెడితే అందరికీ ఆఖరి బస్సులు తప్పిపోతాయని ఆమె భయం.

కథ సముద్రాల అవతలి నుంచి వచ్చింది. బడి పిల్లలు నలుగురు కలిసి బ్యాండు కడతారు. గిటారు మీటుతూ పాడే పిల్లకి జుట్టు కళ్ళలో పడుతుంటుంది, నోరు మాత్రం ఆగదు. డ్రమ్ముల అబ్బాయి దానికి పూర్తిగా ఎదురు. నలుగురిలో నోరు విప్పలేడు. అవునన్నా కాదన్నా బెంచీ మీద వేళ్ళతో కొట్టి చెబుతాడు. ఆ పిల్ల ఒక్కతే ఆ దరువుకి అర్థం చెప్పగలదు. బడి వెనక పాడుబడ్డ సామాన్ల గదిలో, విరిగిన బెంచీల మధ్య, వాళ్ళు సాధన చేస్తారు. తిట్టుకుంటారు, తీగలు తెంపుకుంటారు, ఒకే గొడుగులో సగం సగం తడుస్తారు. వాడు తన మనసులో మాట చెప్పబోవడం, సరిగ్గా అప్పుడే ఎవరో తలుపు తీయడం. ఇలా పుస్తకాలకి పుస్తకాలు గడిచాయి. చదివేవాళ్ళు ఆ తలుపు తీసినవాళ్ళని పేరుపేరునా తిట్టుకున్నారు.

అక్కడివాళ్ళు పుస్తకం మనకి తిరగేసి, కుడినుంచి ఎడమకి చదువుతారు. అందుకని యజమాని పేజీలన్నీ అద్దంలో చూసినట్టు తిప్పించేశాడు. తిప్పితే ఏమేం తిరుగుతాయో ఎవరూ ఆలోచించలేదు. బడి గోడమీద గడియారం వెనక్కి నడవడం మొదలుపెట్టింది. పిల్లల చొక్కాలకి గుండీలు అటువైపు పోయాయి. బ్యాండు మొత్తం ఎడమచేతివాటం అయిపోయింది. గడియారాలన్నీ బుడగలక్క తెల్లసిరాతో చెరిపి ముళ్ళు మళ్ళీ గీసింది గానీ చేతులు ఎలా దిద్దుతుంది? అలాగే అచ్చయింది. అచ్చయ్యాక ఎడమచేతివాటం పిల్లలు గుంపుగా ఆఫీసుకొచ్చి, మాలాంటి వాళ్ళతో కథ వెయ్యడం ఇదే మొదటిసారి సార్ అని యజమాని చెయ్యి పట్టుకుని ఊపారు. అది ముందునుంచీ తన ఆలోచనేనని యజమాని వినయంగా ఒప్పుకున్నాడు.

ఇన్ని పుస్తకాల్లోనూ డ్రమ్ముల అబ్బాయి మాటలు బుడగలక్క వెంట్రుకంత పాళీతోనే రాసింది. "ఊఁ." "లేదు." "రేపు వస్తా." ఎంత చిన్నగా రాసిందంటే, వాడి బుడగలో మాటకంటే ఖాళీ ఎక్కువ. ఆ ఖాళీ అంతా వాడు మింగేసిన మాటలని ఆమెకి తెలుసు. పాళీ ముంచిన ప్రతిసారీ, ఈసారైనా చెబుతావేమిట్రా నాయనా అని లోపల్లోపల బతిమాలేది.

ఈ పేజీలో చెబుతాడు.

ఆ పిల్ల వేరే ఊరు వెళ్ళిపోతోంది. రైలు కదిలింది. వీడు పరిగెత్తుకొచ్చి, స్టేషను వంతెన మెట్ల మీంచి, జనం అందరి ముందూ, కథ మొత్తంలో మొదటిసారి అరుస్తాడు. కిటికీలో ఆ పిల్ల ముఖం అప్పుడే ఇటు తిరుగుతోంది. జుట్టు ఎగిరి, ఇన్నాళ్ళూ కనపడని కళ్ళు రెండూ కనిపిస్తున్నాయి. బొమ్మ వేసినవాడు ప్రాణం పెట్టి వేశాడు. చిక్కల్లా బుడగతోనే. అక్కడివాళ్ళు పైనుంచి కిందికి రాస్తారు కాబట్టి బుడగ పొడుగ్గా, సన్నగా, బీరువాకీ గోడకీ మధ్య ఇరుక్కున్న మనిషిలా ఉంది. ఒకవైపు వంతెన స్తంభం, ఇంకోవైపు ఆ పిల్ల చెంప.

అందులో "నేను నిన్ను ప్రేమిస్తున్నాను" పట్టాలి. సాయంత్రానికి పేజీ ప్రెస్సుకి వెళ్ళాలి.

బుడగలక్క పారదర్శక కాగితం పరిచి పెన్సిలుతో ప్రయత్నించింది. ప్రే కింద మి, మి కింద స్తు, స్తు కింద న్నా, న్నా కింద ను. ఒత్తులన్నీ ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి కూర్చున్నాయి. దూరం పెట్టి చూస్తే కళ్ళ డాక్టరు గోడమీద తగిలించే పట్టికలా ఉంది. ప్రేమించే ముందు ఒక కన్ను మూసుకుని చదవమనేలా ఉంది. కాగితం నలిపేసింది.

యజమాని వచ్చి భుజం మీదుగా తొంగిచూశాడు. "ఇంకా అవలేదా అక్కా?"

"పట్టడం లేదు సార్."

"అక్షరాలు తగ్గించెయ్. చీమంత ఉన్నా పర్లేదు. ప్రేమ అన్న మాట ఉండాలంతే. ఇన్ని పుస్తకాలు దానికోసమేగా కొన్నారు!"

"తగ్గిస్తే గొణిగినట్టుంటుంది. రైలు చప్పుడులో గొణిగితే ఎవరికి వినబడుతుంది?"

"అయితే బుడగ పెంచు."

"పెంచితే ఆ పిల్ల ముఖం పోతుంది."

యజమాని పేజీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. "చెవి ఉంచి మిగతాది కప్పేస్తే? వినేది చెవేగా."

బుడగలక్క ఆయన వంక చూసింది. ఆయనకి వేరే గదిలో పని గుర్తొచ్చింది.

అనువాదం అమ్మాయికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి ఇంట్లో నెలల పిల్లాడు. వాడు నిద్రపోతున్నప్పుడే పని, వాడు నిద్రపోతున్నప్పుడే ఫోను. అందుకని వంతెన మీంచి అరవాల్సిన మాట గురించి ఇద్దరూ గుసగుసగా మాట్లాడుకున్నారు.

"అసల్లో చిన్న మాటే అక్కా. ఇష్టం అని. అంతే."

"ఇష్టం పడుతుంది. కానీ రైలు వెళ్ళిపోతుంటే ఇష్టం అని అరిస్తే ఏం ఇష్టం, కాఫీయా టీయా అన్నట్టు లేదూ?"

అట్నుంచి ఆపుకున్న నవ్వు వినిపించింది. "ఐ లవ్యూ?"

"అది వీడి నోట్లో పట్టదమ్మా. బెంచీ మీద వేళ్ళతో మాట్లాడే పిల్లాడు. వీడు చెబితే వీడిలాగే చెప్పాలి."

"నేనూ ఆలోచిస్తా... అయ్యో, కదులుతున్నాడు," అని పెట్టేసింది.

ఆమె అన్నం డబ్బా విప్పేసరికి ఇంటినుంచి ఫోన్. "గెలిచాం," అన్నాడు భర్త. తనొక్కడే అయినా ఫిర్యాదుల విషయంలో ఆయన ఎప్పుడూ బహువచనమే. సెక్రటరీ టేబుల్ మీద చెయ్యి వేసి తీర్మానం చేశాడట. ఆదివారంలోగా డ్రమ్ములు బిల్డింగు దాటాలి. పిల్ల తండ్రి కూడా గొడవెందుకని అమ్మేస్తానన్నాడట. "ఇంక చూడు, ఎంత ప్రశాంతమో! కాసేపు హాయిగా పడుకుంటా."

"పడుకోండి," అంది బుడగలక్క. ఎడంచెయ్యి ఇంకో నెల్లో అందేది ఆ పిల్లకి.

మధ్యాహ్నం గడుస్తోంది. ఆమె రాసింది, కొట్టేసింది, రాసింది. రా. ఉండు. వెళ్ళకు. వెళ్ళకు అంటే బాగానే పట్టింది గానీ, ఆ పిల్లకి పెద్ద ఊళ్ళో పాడే అవకాశం వచ్చింది. వెళ్ళకు అనేవాడికి ఇన్నాళ్ళు తను గొంతిచ్చిందా? కొట్టేసింది. గుమాస్తా కిటికీలోంచి బయటికి చూస్తూ ఆవలించాడు. ప్రెస్సు మనిషి వచ్చి, హెల్మెట్ ఒళ్ళో పెట్టుకుని బెంచీ మీద కూర్చున్నాడు. యజమాని గాజు తలుపు వెనకనుంచి రెండుసార్లు దగ్గాడు. ఆయన దగ్గుకి ఆఫీసులో గడియారం కంటే ఎక్కువ విలువ.

మళ్ళీ ఫోన్ మోగింది. భర్తే.

"ఏమోయ్, నిద్ర పట్టట్లేదు."

"ఏం? డ్రమ్ములా?"

"లేవుగా. అదే. పైకి వెళ్ళొచ్చాన్లే. వాళ్ళ బాత్రూములోంచి మనకి నీళ్ళు దిగుతున్నాయేమో కనుక్కుందామని."

"దిగడం లేదుగా?"

"లేదనుకో. కనుక్కోవడంలో తప్పేముంది? ఆ పిల్ల డ్రమ్ములు విప్పి దుప్పట్లలో చుడుతోంది. ఎదురు బ్లాకు కుర్రాడు లేడూ, గిటారు మోసుకు తిరుగుతాడు, వాడు స్క్రూలు విప్పుతున్నాడు. విప్పినవి విప్పినట్టు జేబులో వేసుకుంటున్నాడు, పోకుండా. ఇద్దరూ ఒక్క ముక్క మాట్లాడుకోవట్లేదు. ఏడ్చినా బాగుండేది."

"మిమ్మల్ని చూసి ఏమందీ?"

"సారీ అంకుల్ అంది. అంకుల్ట! సారీ అట! నేను అంత పేద్ద కంప్లైంటు రాస్తే ఎదురు తిట్టాలా వద్దా? ఏదో సర్దిచెబుదామని నోరు తెరిచాను. వెళ్ళేటప్పుడు మెట్ల మీద మాటలన్నీ పేర్చుకునే వెళ్ళాను. ఒక్కటీ రాలేదు. ఆపకు అన్నాను."

బుడగలక్క చేతిలో పాళీ కదలడం మానేసింది. "ఏమన్నారు?"

"ఆపకు అన్నా. పాపం ఆ పిల్ల అదిరిపడింది. పక్కవాళ్ళు తలుపు తీసి చూశారు. అంత గట్టిగా ఎందుకొచ్చిందో నాకే తెలీదు."

"ఆపకమ్మా అనలేదూ?"

"లేదు. ఉత్త ఆపకే. తిట్టినట్టే వచ్చింది."

"ఆ అబ్బాయి ఏం చేశాడు?"

"వాడా? జేబులోంచి స్క్రూ తీసి మళ్ళీ బిగించడం మొదలెట్టాడు." ఆయన గొంతు తగ్గింది. "ఇప్పుడు అసోసియేషన్‌కి ఏం చెప్పనే? నా ఫిర్యాదు మీద నేనే ఫిర్యాదు రాసుకోవాలా?"

"రాయండి. మీకంటే బాగా ఎవరు రాస్తారు?"

ఎగతాళి కాదది. ఈ మనిషితో ఇన్నేళ్ళ కాపురంలో ఆమె ఆయనకి ఇచ్చిన పెద్ద మెప్పు అదేనేమో. ఆయనకీ అలాగే అనిపించి ఉంటుంది, గొంతు సవరించుకుని, కాగితాలు ఎక్కడున్నాయని అడిగాడు.

ఫోన్ పెట్టేసి ఆమె పెన్సిలు తీసుకుంది. ఆ. ప. కు. ఒక్క ఒత్తు లేదు, ఒక్క అక్షరం ఇంకోదాని నెత్తినెక్కలేదు. ఆ సన్న బుడగలో, నిలబడాల్సినంత ఎత్తుగా, నిలబడ్డాయి.

అనువాదం అమ్మాయికి మళ్ళీ చేసింది. విషయం గుసగుసగా చెప్పింది. అట్నుంచి పేజీలు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అసల్లో ఆ మాట లేదక్కా," అంది ఆ అమ్మాయి చివరికి.

"లేదమ్మా. వాళ్ళ మాటకి అక్కడ చోటుంది. మన మాటకి లేదు. కానీ వాడు వంతెన ఎక్కింది దేనికి? ఆ పిల్ల వెళ్ళిపోతుంది, అది వాడికీ తెలుసు. పాట ఆపేస్తుందేమోనని వాడి భయం. ఆ గదిలో వాళ్ళిద్దరూ ఏం చేసినా పాటతోనే చేశారు. ఇంక వేరే ప్రేమ ఎక్కడుంది వాళ్ళకి?"

"గట్టిగా చదివి చూద్దామంటే వీడు లేస్తాడు. రాసెయ్యండక్కా. అనువాదం తప్పని ఎవరైనా అంటే నన్నే అననివ్వండి."

బుడగలక్క పాళీల వరస చూసుకుంది. డ్రమ్ముల అబ్బాయి పాళీ ఎప్పుడూ మొదటిది. ఆమె చెయ్యి అలవాటుగా అటే పోయింది. వెనక్కి లాక్కుని, వరస చివరికంటా వెళ్ళి, అన్నిటికంటే వెడల్పుదాన్ని తీసింది. తుపాకులకీ, కూలే గోడలకీ తప్ప ఎప్పుడూ వాడనిది. సిరాలో ముంచింది. అంచుకి రాసి ఎక్కువైంది తుడిచింది. ఊపిరి బిగబట్టింది. ఇది పెన్సిలు కాదు. పొరపాటైతే ఆ పిల్ల చెంప మీద పడుతుంది. ఆ ముగిసింది. ప ముగిసింది. కు కొమ్ము స్తంభానికి తగలకుండా, పక్కనుంచి జారి, తోక ఎగరేసి నిలబడింది. అప్పుడు ఊపిరి వదిలింది. పాళీ గాజుపలక మీద పెట్టి, తడి ఆరేదాకా పేజీ మీద చేత్తో విసురుతూ కూర్చుంది, జ్వరమొచ్చిన పిల్లకి విసిరినట్టు.

పేజీ తీసుకెళ్ళి యజమాని బల్ల మీద పెట్టింది. ఆయన కళ్ళద్దాలు సవరించుకుని, లోపల్లోపలే చదువుకోబోయాడు. కుదరలేదు.

"ఆపకు!"

గాజు తలుపు అవతల, పొద్దుటినుంచీ కిటికీలోంచి బయటికి చూస్తున్న గుమాస్తా ఉలిక్కిపడి పని మొదలుపెట్టాడు. ప్రెస్సు మనిషి ఒళ్ళోంచి హెల్మెట్ జారి దొర్లింది. యజమాని తన గొంతుకి తనే ఆశ్చర్యపోయి అటూ ఇటూ చూశాడు. తర్వాత పేజీలో ఆ పిల్ల ముఖం చూశాడు. ఇటు తిరుగుతోంది. వినబడింది కాబట్టి తిరుగుతోంది.

"మరి ఇందులో ప్రేమ ఏదక్కా?" అన్నాడు, ఈసారి మెల్లగా.

బుడగలక్క పేజీని ఆయన వైపు ఇంకాస్త జరిపింది. ఆయన ఇంకోసారి చూశాడు.

"పిల్లలు పుస్తకాలు వెనక్కి పట్టుకొస్తే?"

"తీసుకురారు."

"తెస్తే?"

"నన్ను ఉద్యోగంలోంచి తీసెయ్యండి."

యజమాని నవ్వబోయాడు. ఆవిడ ఉద్యోగానికి ఇవాళే ఆఖరని నవ్వు సగంలో గుర్తొచ్చింది. ఆ సగం నవ్వుని ఏం చెయ్యాలో తెలియక, పేజీ మూల సంతకం పెట్టి ప్రెస్సు మనిషి చేతికిచ్చేశాడు.

బుడగలక్క బల్ల దగ్గరికొచ్చి దీపం ఆర్పింది. రోజూలాగే సిరా సీసా మూత బిగించింది. రోజూలాగే పాళీలు తీసుకెళ్ళి పంపు కింద ఒక్కొక్కటీ కడిగి, గుడ్డతో తుడిచి, డబ్బాలో పెట్టి సంచీలో వేసుకుంది. అవి ఆమె సొంతం, తండ్రి దగ్గర్నుంచి వచ్చినవి. ఖాళీ అన్నం డబ్బా సర్దుకుంది. చెప్పులు వేసుకుంది. గుమ్మం దగ్గర గుమాస్తాతో "వస్తా" అంది. రోజూ అనే మాటే కాబట్టి అతను తలెత్తకుండానే "మంచిదక్కా" అన్నాడు. కిందికి దిగింది. జారిన భుజం అలాగే ఉంది, సంచీ మాత్రం ఈసారి నిజంగానే ఉంది. బస్సు వచ్చింది, ఎక్కింది. ఇంటికి చేరేసరికి పై ఇంట్లో ధడ్ ధడ్ మోగుతోందో లేదో ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఆ మర్నాటి నుంచి ఆమె రాలేదు. రానని ముందే చెప్పింది గదా, ఎవరూ అడగలేదు.

పుస్తకం వచ్చింది. ఒక్కటీ వెనక్కి రాలేదు. ఆఖరి పేజీ చదివి బస్సుల్లో, గ్రంథాలయాల్లో ఉన్నట్టుండి అరిచిన పిల్లలు కొందరు చీవాట్లు తిన్నారని మాత్రం వినికిడి.

చిక్కొకటి మిగిలింది. ఆ బల్ల మీదకి కంప్యూటరు రావాలి. వచ్చింది కూడా, అట్టపెట్టెలో గోడవారగా కూర్చుంది. బల్ల ఖాళీ చెయ్యబోతే గాజుపలక మీద వెడల్పు పాళీ కనిపించింది. అన్నీ కడిగి తీసుకెళ్ళిన మనిషి దాన్ని ఒక్కదాన్నీ కడగలేదు, తీసుకెళ్ళలేదు. మర్చిపోయిందని గుమాస్తా అంటాడు. ఆవిడ గడియారం ముల్లు కూడా మర్చిపోయే మనిషి కాదని యజమాని అంటాడు. ఫోన్ చేసి అడుగుదామంటే, ఏమని అడగాలో ఎవరికీ తోచడం లేదు. కడిగి పంపిద్దామంటే, ఆ సిరా మీద చెయ్యి వెయ్యడానికి ఎవరికీ మనసొప్పడం లేదు. కడక్కుండా ఉంచితే పాళీ తుప్పు పడుతుందట. కంప్యూటరు కుర్రాడు రోజూ వచ్చి, ఇంకా తియ్యలేదా అని అడిగి టీ తాగి వెళుతున్నాడు. ఇలాంటివి తెలిసినవాళ్ళు మీలో ఎవరైనా ఉంటే కాస్త చెప్పి పుణ్యం కట్టుకోండి, ఏం చెయ్యమంటారు? అప్పటిదాకా అది అక్కడే ఉంటుంది, ఆర్పేసిన దీపం మీద, గాజుకి అంటుకుపోయి, మొన కిటికీ వైపు తిరిగి, నల్లగా.